ప్రోటాన్ల అమ్మాయితో పేచీ

ల్యాబులో చేరిన రెండో రోజే అతను నిండు మీటింగులో లేచి, ఆమె గ్రాఫు తప్పన్నాడు.

ఉపగ్రహం పంపే లెక్కల్లో ఆమె ప్రోటాన్లను చూస్తుంది. అతనిది ఎలక్ట్రాన్ల పని. సూర్యుడి గాలి ఉధృతంగా వీచినప్పుడల్లా, సుదూరం నుంచి వచ్చే ఈ రెండు రకాల కణాలూ తగ్గుతాయి. అయితే విద్యుదావేశం వేరు కాబట్టి రెండూ ఒకేలా తగ్గవని ఆమె వాదన.

"నా లెక్కలో రెండూ సమానంగానే పడుతున్నాయండీ," అన్నాడతను.

డైరెక్టర్ కళ్ళజోడు తీశారు. "అయితే ఈ పేపర్ జర్నల్‌కి పంపడం ఆపుదాం."

ఆమెది రెండేళ్ళ కష్టం. ఆమె వరండాలో అతన్ని ఆపింది.

"నిన్ననే కదా చేరారు?"

"అవునండీ."

"కుర్చీ వెచ్చబడకముందే నా పేపర్ ఆపించారు. మీ లెక్క చూపించండి."

ఆ రోజు నుంచి అతని పక్కనే కుర్చీ వేసుకుని, ప్రోగ్రాం వరసవరసా చదవడం మొదలుపెట్టింది. ఆలోచనలో పెన్ను మూత కొరుకుతుంది. అది చూస్తూ అతను ఏ వరసలో ఉన్నాడో మర్చిపోతాడు.

"ఇందాక ఇక్కడే ఉన్నాం," అంటుంది.

"ఇంకోసారి చూద్దాం," అంటాడు సంతోషంగా.

మూడో రోజు సాయంత్రం ఆమె టీకి వెళ్ళొచ్చేసరికి, అతను డైరెక్టర్ గదిలో అందరి ముందూ నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదేనండీ. నా ప్రోగ్రాం ఆవేశం ప్లస్సా మైనస్సా అని చూడకుండా ప్రోటాన్లని కూడా ఎలక్ట్రాన్లలో కలిపేసింది. అందుకే రెండూ ఒకేలా కనిపించాయి. ఆవిడ గ్రాఫే కరెక్ట్."

"పేపర్ పంపేయమ్మా," అన్నారు డైరెక్టర్.

బయట వాన. పోర్టికోలో ఇద్దరికీ గొడుగు లేదు.

"నేను టీ తాగొచ్చేలోపే తప్పు దొరికేసిందా?"

"పొద్దున్నే దొరికింది."

"మరి సాయంత్రం దాకా చెప్పలేదేం?"

అతను వానకేసి చూశాడు. "చెబితే అప్పట్నుంచే మీరు నా టేబుల్ దగ్గరికి రారు కదండీ. మీరు రాకపోతే నాకు బాగుండదు."

కోప్పడదామనుకుంది. నవ్వు అడ్డొచ్చింది. అటు తిరిగి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, మొన్న ఒకాయన్ని తిట్టానే, నిచ్చెనలా ఉంటాడని. రేపు భోజనానికి తీసుకొస్తున్నా."

వాన హోరులోనూ తల్లి గొంతు ఖంగున వినిపించింది. "మూడు రోజుల్నించీ అతని మాట తప్ప ఇంకో మాట లేదు నీకు. ఇంకా తీసుకురాలేదేమిటా అని చూస్తున్నా. ఏం తింటాడట?"

అతను వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టాడు.

"ఏం పెట్టినా తింటానండీ."