సీనివాసన్‌కు సబ్బు వాసన

ముత్తు లాగుతోంది.

సీనివాసన్ పరుగెత్తుతున్నాడు.

గొలుసుకు ఆ చివర కుక్క... ఈ చివర మనిషి! ఎవరిని ఎవరు తిప్పుతున్నారో చూసేవాళ్ళకు తెలియదు. చూసేవాళ్ళూ లేరు. దీపాలు పెట్టిన గంటకే రాజపాళయం తలుపులు మూసుకుంది. లాక్‌డౌన్!

ఎడమచేతిలో గొలుసు.

కుడిచేతిలో గోనెగుడ్డ చుట్టిన ఎయిర్ గన్. మామిడితోపులో కోతుల్ని బెదిరించే గన్ అది. ఈ రాత్రి కోతి వేరు!

భుజాన తువ్వాలు. భార్య సుగన్యది.

ఆ తువ్వాలుకు... సబ్బు వాసన!

ఊరు ఊరంతా గాలించినా సబ్బుబిళ్ళ దొరకని రోజులివి. ఏ అంగట్లో అడిగినా 'స్టాక్ లేదు'. ఫినాయిల్ లేదు. బ్లీచింగ్ పౌడర్ లేదు. బ్యాండేజీలు నేసే పక్క ఊరు సత్రపట్టి దాకా మోపెడ్ మీద వెళ్ళి అడిగాడు. అక్కడ గాయానికి కట్టే బ్యాండేజీ గుడ్డ గుట్టలుగా ఉంది గానీ, చేతికి రాసే సబ్బు లేదు. డబ్బున్నవాడికి సబ్బు లేదు, సబ్బు లేనివాడికి జబ్బు... ఇదీ లోకం!

వీధిలో అందరి కళ్ళూ పక్కింటి తూము మీదే. ఎవరి కాలవలో నురగ కనబడితే వాళ్ళు దొంగలు. మొన్న వెంకటరామన్ ఇంటి తూములో బుడగలు లేస్తే వీధంతా మాస్కులు కట్టుకుని వచ్చి నిలబడింది. తీరా చూస్తే గంజి!

అలాంటి ఊళ్ళో, తనూ తన తల్లీ బూడిదతో చేతులు తోముకుంటున్న ఇంట్లో... తన భార్య ఒంటి మీద సబ్బు వాసన!

ఎవడి సబ్బు?

"పోరా ముత్తు! వాసన పట్టుకో! పో!"

తువ్వాలు మళ్ళీ కుక్క ముక్కుకు ఆనించాడు. ముత్తు తుమ్మింది. ఒక్కసారి గుంజింది. గొలుసు చేతిని కోసినంత పని చేసింది.

సీనివాసన్... పేరులోనే వాసన ఉన్నవాడు! మిల్లులో మేస్త్రీ. ఏ మిషన్ బెల్టు కాలుతోందో గేటు దగ్గర నిలబడి చెప్పగల ముక్కు. ఆ ముక్కే ఇప్పుడు అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

రోజూ సాయంత్రం సుగన్య క్యారియర్ పట్టుకుని బయల్దేరుతుంది. "వెళ్ళయమ్మాళ్ అవ్వకు తోడు లేదు, పావం. ఇంత చోరు, పులుసు ఇచ్చి వస్తాను" అంటుంది. వచ్చేటప్పటికి కడిగిన ముత్యంలా ఉంటుంది.

ఈ రోజూ వెళ్ళింది. ఇందాక అవ్వకు ఫోన్ చేశాడు.

"సుగన్యా? ఆ పిల్లను చూసి శానా దినాలు అయిందే అప్పా!"

అంతే! గుండెలో బాంబు!

"ఏయ్! నిల్లు!"

టార్చ్ వెలుగు మొహం మీద పడింది.

పోలీసు!

ముత్తు ఆగింది. సీనివాసన్ ఆగలేదు. కుక్క మీద పడి, గొలుసులో చుట్టుకుని, లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి?" తమిళంలో గద్దించాడు కానిస్టేబుల్.

"కుక్క... కడుపు సరిలేదు సార్."

"ఆ మూట ఏంటి?"

"గొడుగు సార్."

"వాన లేదే."

"ఎండకు సార్."

"రాత్రిపూట ఎండా?!"

లాఠీ లేచింది. సరిగ్గా అప్పుడే ముత్తు కాలెత్తింది... పోలీసు బూటు మీద!

ధన్యుడివి ముత్తూ! కానిస్టేబుల్ తిట్ల మధ్య నుంచి కుక్కా మనిషీ దూసుకుపోయారు. లాఠీ గాలిని కొట్టింది. రెండోసారి గాలిని కొట్టలేదు. సీనివాసన్ వీపు మంటెత్తింది.

పర్వాలేదు. లోపలి మంట ముందు ఇదెంత!

ముత్తు చోళపురం రోడ్డు దిగింది. మట్టిబాట పట్టింది. మామిడిచెట్లు. ఇనుప కంచె. లోపల తెల్లగా కదులుతున్న నీడలు...



ఈ కంచె తెలుసు. ఈ తోపు తెలుసు. ఈ తెల్లకుక్కలూ తెలుసు!

నందకుమార్!

సుగన్య మేనమామ కొడుకు. బావ! మొర ఉన్నవాడు, అంటే పెళ్ళాడే వరస. మొర ఉన్నవాణ్ణి కాదని పిల్లను బయటికిస్తే పెళ్ళిపందిట్లో వాడికి కొత్తబట్టలు పెట్టి, తాంబూలమిచ్చి, ఒప్పుకోలు అడగాలి. అడిగారు. నవ్వుతూ ఒప్పుకున్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? కానుకగా తన కుక్కలపెంపకం నుంచి ఓ తెల్లపిల్లను తెచ్చి సుగన్య ఒళ్ళో పెట్టాడు.

ముత్తు!

పందిట్లో అందరూ పెళ్ళికొడుకును వదిలేసి కుక్కపిల్లను చూశారు. ఆ రోజు పట్టిన కుళ్ళు ఈ రోజుకీ కడుక్కుపోలేదు. ఏ సబ్బుకు లొంగుతుంది ఆ మురికి?

"ఆ తోపు గడప తొక్కినావంటే నీకూ నాకూ ఏమీ లేదు. తాళి తీసి ఉట్టి మీద పెట్టి పో!" అప్పుడే చెప్పాడు సుగన్యకు.

కంచె పక్కన ఆమె స్కూటీ!

సీనివాసన్ గన్ మీది గోనెగుడ్డ లాగేశాడు. 

మాటలు వినబడుతున్నాయి. షెడ్ కిటికీ దగ్గర సుగన్య. లోపల్నుంచి మగగొంతు. బొంగురుగా... మెల్లగా...

"దినామూ వస్తాండావు. సీనన్నకు తెలిస్తే?"

"తెలిసేప్పుడు తెలవనీ బావా. నిన్ను ఇట్ల ఒంటిగా విడిచి నేను నిమ్మతిగా తినగలనా?"

సీనివాసన్ చెట్టుకు మరింత అతుక్కున్నాడు.

"నీకు మాంగా తొక్కు పెట్టినాను. పూరా తినాల."

మామిడికాయ తొక్కు! ఇంట్లో అడిగితే 'జాడీ అడుగంటింది' అంది! అడుగు ఇక్కడ తేలింది!

సుగన్య కిటికీ వదిలి వెనక కుళాయి దగ్గరికి నడిచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. సబ్బుబిళ్ళ తీసింది.

నురగ!

వేళ్ళ సందున నురగ. మోచేతుల దాకా నురగ. మొహానికి, మెడకు, పాదాలకు... వెన్నెల్లో తెల్లని నురగ! ఊరు మొత్తం కలిసి ఇన్ని వారాల్లో అంత నురగ చూసి ఉండదు!

ఆధారాలు కడిగేస్తోంది...!

ఇక ఆగలేదు సీనివాసన్. ముత్తును వదిలేశాడు. చెట్టుచాటు నుంచి చుట్టు తిరిగి షెడ్ తలుపు మీద కాలితో తన్నాడు.

ధడేల్!

"రేయ్ నందా!"

మంచం మీంచి లేచాడు నందకుమార్. గడ్డం పెరిగింది. మెలితిప్పిన మీసం వాలిపోయింది. గన్ చూసి కూడా అతను చేతులెత్తలేదు. వెనక్కి జరిగాడు. మూలకు. గోడకు.

"అన్నా! కిట్టె రావద్దు! అక్కడే నిలువు!"

"నా ఊళ్ళో, నా పెండ్లాము చేత తొక్కు తింటా, నన్నే రావద్దంటావా?"

"చెప్పేది విను అన్నా! పోయిడు! బయటికి పోయిడు!"

భయపడుతున్నాడు! తప్పు చేసినవాడి మొహం!

గోడవార అట్టపెట్టె. నిండా సబ్బుబిళ్ళలు! సీనివాసన్ ఒకటి లాక్కున్నాడు. వేపాకు, కర్పూరం కలిసిన ఘాటు. అదే! తువ్వాలు మీది వాసన అదే! కాగితం తిప్పాడు.

కాగితం మీద... నాలుక చాపి నవ్వుతున్న కుక్క బొమ్మ!

"కుక్కల సబ్బా?! నా ఆలికి కుక్కల సబ్బా ఇచ్చినావు!"

"ఊళ్ళో వేరే సబ్బు ఏడ ఉండాది అన్నా? రక్తం తాగే ఉన్నిపురుగులకని కుక్కలకు అంగట్లో వాంగి పెట్టినాను. అదీ మంచిదే..."

ముత్తు లోపలికి దూకింది. సీనివాసన్‌ను దాటింది. నందకుమార్ మీదికి ఎగబడి మొహం నాకబోయింది. అతను చేయి అడ్డం పెట్టి మొహం తిప్పుకున్నాడు.

"చూస్తివా! కుక్క కూడా నీదే! వాసన పట్టి నిన్ను చూపించింది!"

అంత కంగారులోనూ నందకుమార్‌కు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది.

"వాసనా? ఈ ఊళ్ళో పుట్టి ఇట్ల మాట్లాడతావే అన్నా! మన రాజపాళయం కుక్క కంటితో వేటాడుతుంది, ముక్కుతోనా? దారి విడిస్తే దాని అమ్మ దగ్గరికి వచ్చింది. అంతే."

కిటికీ అవతల ముసలి ఆడకుక్క నిలబడి ఉంది. ముత్తు అటు పరుగెత్తి కిటికీ ఊచల సందున మూతి పెట్టి కుయ్యిమంది.

రాజపాళయంలో పుట్టినవాడు. ఊయల్లో ఉన్నప్పుడే తెలిసిన సంగతి. అసూయ ముక్కు మూసేస్తే కళ్ళు కూడా మూసుకుంటాయి!

అవమానం అనుమానం కన్నా వేడి. సీనివాసన్ గన్ పారేశాడు. ఒక్క గెంతు! నందకుమార్ చొక్కా కాలర్ పట్టుకున్నాడు. మొహానికి మొహం. తన మాస్క్ ఎప్పుడో గడ్డం కిందికి జారింది.

"వద్దు అన్నా! విడు!" నందకుమార్ మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు.

"నిజం చెప్పు! దినామూ ఆమె చేతికి ఈ సబ్బు ఎందుకు ఇచ్చినావు? ఆ వాసన నీకు ఇష్టమనే కదా!"

నందకుమార్ గింజుకోవడం ఆపాడు.

జాలిగా చూశాడు.

"నాకు వాసన తెలిస్తే కదా అన్నా..."



"వారం పైన అయింది. తొక్కు వాసన లేదు, కాఫీ వాసన లేదు, కుక్కల వాసనే లేదు. టెస్ట్ చేసినారు. తోపు విడిచి రావద్దని చెప్పినారు."

సీనివాసన్ వేళ్ళు కాలర్ మీదే ఉన్నాయి. తీయాలని మెదడు చెబుతోంది. వేళ్ళకు వినబడడం లేదు.

"అంటే... పాజిటివా?"

జవాబుగా దగ్గు వచ్చింది. పెద్దది. లోతైనది. నందకుమార్ మొహం తిప్పుకునే లోపల... తిన్నగా సీనివాసన్ మొహం మీద!

నెగటివ్‌గా ఆలోచించి వచ్చినవాడికి దక్కిన ఫలం!

"అయ్యో! ముట్టుకున్నారా?!"

గుమ్మం అవతల సుగన్య. మాస్క్ మీద కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. చేతుల మీద ఇంకా నురగ. గడప దాటలేదు. ఒక్క అడుగు కూడా.

"సుగన్యా... నేను... నువ్వు అవ్వ ఇంటికని..."

"నిజం చెప్తే విడిచి ఉందురా? ఆయనకు అమ్మ లేదు, అక్క లేదు. ఊరికి తెలిస్తే పిల్లకుక్కకు పాలు పోసే మనిషి రాదు. అత్తకు చెప్పినాను. ఆమెనే దినామూ వండి ఇస్తా ఉండాది."

అమ్మ! రంగమ్మాళ్! పుత్రుడికి అడుగంటిన తొక్కు... అమ్మ చేత్తోనే ఇక్కడికి వచ్చిందా!

"అత్తకు ఆస్తమా ఉండాది. తెలుసు కదా? అందుకే నేను దినామూ ఇట్ల తోముకొని ఇంటికి వచ్చేది."

ఆమె చేతుల మీది నురగ విదిలించింది. 

"ముత్తూ, దా!"

ముత్తు వెళ్ళింది. వెనక్కి చూడకుండా.

"దాన్ని కూడా తోమాల ఇప్పుడు," అంది. ఒక సబ్బుబిళ్ళను గడప లోపలికి దొర్లించింది. "ఇద్దరూ చేతులు కడుక్కోండి. మొదట మీరు."

"సుగన్యా! ఒక్క నిమిషం! ఈ నందాతో నేను ఒకే రూములో..."

ఠప్!

ఎయిర్ గన్ పేలిందనుకుని నేల మీద బోర్లా పడ్డాడు సీనివాసన్.

గన్ మంచం కింద కదలకుండా పడి ఉంది.

మూసుకున్న తలుపుకు బయట గొళ్ళెం పడింది!

స్కూటీ చప్పుడు దూరమవుతోంది. చీకట్లోంచి ఆమె కేక...

"రేపట్నించి రెండు క్యారియర్లు!"

నందకుమార్ దగ్గుతూ మంచంలో సగం ఖాళీ చేశాడు.

సీనివాసన్ ఆ ఖాళీ చూశాడు. సబ్బు చూశాడు. కిటికీ చూశాడు. ఊచలు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాడు...

"సుగన్యా! తొక్కు... ఎవరి క్యారియర్‌లో?!"