రాజు పట్టుకున్న విషం

రుచి చూసేవాడు ఒక్క గుటక వేశాడు. పెదవి తుడుచుకోబోయాడు. చెయ్యి సగంలోనే ఆగిపోయింది. మరుక్షణం రాజుగారి కాళ్ల దగ్గర బోర్లా పడి ప్రాణం వదిలాడు.

"ఈ గిన్నెలో సారా పోసిందెవడు?" అన్నాడు మెనకార్ రాజు.

పోసింది కొడుకు హద్దాన్. ముగ్గురు కొడుకుల్లో ఇద్దర్ని కుట్ర నెపంతో రాజు ఇదివరకే ఉరితీయించాడు. మిగిలింది వీడొక్కడే.

"నాన్నా, నాకేం తెలీదు! నీ మీద ఒట్టు!"

"మీ అన్నలూ ఇదే ఒట్టు వేశార్రా. తాడు తెండి!"

గోడవార కూర్చున్న డామోన్ కలం కింద పెట్టాడు. లోకానికి అతను రాజుగారి జీవితచరిత్ర రాసే గ్రీకు పండితుడు. నిజానికి అంతియోకు నగరంలోని రోమన్ గవర్నర్ నాటిన ఏజెంట్. మిషన్ ఒక్కటే: ఆఖరి కొడుకు బతకాలి. వాడూ పోతే వారసుడు లేని రాజ్యం రోముకి శత్రువులైన పార్థియన్ల ఒళ్లో పడుతుంది.

విందులో గిన్నెల మీద కన్నేసి ఉంచే పని వీణ వాయించే ఇస్మీనాది. ఆమె నవ్వితే సేనాపతులు రొట్టె నమలడం మర్చిపోతారు. ఆమె డామోన్ మనిషే. ఏడుపు పాట వాయిస్తే ప్రమాదం, పెళ్లిపాట వాయిస్తే క్షేమం. ఇందాక ఆమె ఇచ్చిన సిగ్నల్ పెళ్లిపాట.

అంటే పార్థియన్లకి అమ్ముడుపోయింది!

డామోన్ ఆమె వీణకేసి చూశాడు. ఒక తీగ వదులై వేలాడుతోంది. గిన్నె పక్కనుంచి నడిచి వెళ్లేముందు అది బాగానే ఉంది. శ్రుతి కాస్త తప్పితేనే గిలగిల్లాడే మనిషి, దాన్ని ముట్టుకోవడం లేదు. అంటే ఆ తీగ బిగించే బిరడని గిన్నె దగ్గర పీకి మళ్లీ గుచ్చింది. బిగించే వ్యవధి లేకపోయింది.

అరిచి చెబితే "నీకెలా తెలుసు?" అంటాడు రాజు. రెండో తాడు తనకే.

హద్దాన్ మెడకి ఉచ్చు పడింది.

"ప్రభూ, ఇవాళ్టి అధ్యాయం రాసేశాను. చదవమంటారా?"

"ఇప్పుడా? బుద్ధుందటయ్యా నీకు?"

"తమరి తెలివి గురించి ప్రభూ. మనవల మనవలు చదువుకుంటారు."

రాజు చెయ్యెత్తాడు. తాడు పట్టుకున్నవాళ్లు ఆగారు. "ఊఁ, కానీ."

డామోన్ ముందున్న పత్రం మీద ఒక్క అక్షరం లేదు. అయినా చదువుతున్నట్టు మొదలుపెట్టాడు. "అందరూ కొడుకునే అనుమానించారు. మెనకార్ మహారాజు ఒక్కడే మోసపోలేదు. కొడుక్కి ఉరి వేస్తున్నట్టు నటించి, అసలు దొంగ మొహంలో సంతోషం కనిపెట్టాడు. వీణకి వదులైన బిరడ చూపించి, పీకండి అన్నాడు."

ఇస్మీనా మొహంలో రక్తం లేదు.

రాజు గడ్డం నిమురుకున్నాడు. "అవును," అన్నాడు మెల్లగా. "నేను చేసిందదే. చూస్తారేంట్రా? పీకండి!"

బిరడ లోపల డొల్ల. తెల్లటి పొడి నేల మీద రాలింది. కిటికీవైపు దూకబోయిన ఇస్మీనాని భటులు ఒడిసిపట్టారు.

"వీడూ గూఢచారే!" అని అరిచింది డామోన్‌ని చూపిస్తూ. "రోమన్ల మనిషి!"

రాజు డామోన్ కళ్లలోకి చూశాడు.

"అయితే అవనీయవే. వీణ్ణి చంపితే ఇదంతా ఎవడు రాస్తాడు?"

ఆమెను ఈడ్చుకెళ్లారు. ఉచ్చు తీస్తుంటే హద్దాన్ పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. రాజు అటు చూడలేదు.

"ఏమయ్యా, అధ్యాయం బాగుంది," అన్నాడు డామోన్‌తో. "కానీ ఆ 'నటించి' అన్న మాట ఒక్కసారే రాశావు. ఇంకో నాలుగు చోట్ల వెయ్యి."