గ్రేటా డాక్టరమ్మ కంటిచుక్కలు

మెట్ల కింద డాక్టర్ గ్రేటా హార్ట్‌విగ్ శవం పడి ఉంది. ఒమన్‌లో, అల్ ఖౌద్‌లోని ఆమె ఇంట్లోనే.

జర్మనీ నుంచి వచ్చి నలభై ఏళ్లు. రోడ్లు లేని ఒమన్ పల్లెలకు జీపులో వెళ్లి, గుడారాల్లో కంటి ఆపరేషన్లు చేసిన మనిషి. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డును గీరేస్తుంటే, ఆ రెప్పను సరిచేసే కొత్త పద్ధతి కనిపెట్టింది. అడిగిన ప్రతి డాక్టరుకూ నేర్పింది.

"పనిమనిషే తోసేసింది," అన్నాడు డాక్టర్ తహ్సీన్. గ్రేటా శిష్యుడు. పనిమనిషి చేసిన ఫోన్ అందుకుని మొదట వచ్చిందీ, ప్రాణం పోయిందని తేల్చిందీ ఆయనే.

ఇన్‌స్పెక్టర్ రహీం ఆ మాట నమ్మేశాడు. పనిమనిషి మల్లీశ్వరిని ఇరుగుపొరుగు ముందు నిలబెట్టి, "నువ్వే చంపావు!" అని హిందీలో అరిచాడు. ఆమెకు వచ్చిన హిందీ చాల్లేదు. తెలుగు తెలిసినవాడని సమీయుల్లాను పిలిపించారు. ఒకప్పుడు కడపలో సి.ఐ. ఇప్పుడు గ్రేటా పనిచేసే ఆస్పత్రిలో సెక్యూరిటీ ఆఫీసర్.

"ఏం జరిగిందో చెప్పుమ్మా."

"అమ్మ లేస్తానే కంట్లో చుక్కలేసుకునింది సార్. కొంచేపటికి అంతా మసకగా ఉంది, వెలుతురు గుచ్చుతాంది అనింది. నేను వచ్చేలోపల మెట్లు దిగబోయి పడిపాయ."

"రోజూ వేసుకునే చుక్కలేనా?"

"అవే. నిన్న కొత్త సీసా ఈ డాక్టరు సారే తెచ్చిచ్చినాడు."

సమీయుల్లా గ్లవ్స్ తొడుక్కుని మేడ మీది నుంచి సీసా తెచ్చాడు.

"డాక్టర్, ఈ చుక్కలు ఏం చేస్తాయి?"

"కంటిపాపను చిన్నది చేస్తాయి."

"ఆవిడ కంటిపాపలు ఇంతింత ఉన్నాయేం?"

"చనిపోయాక అలాగే అవుతాయి!"

"కావచ్చు. మరి ఇది?"

సీసా పైకెత్తాడు. మూత కింద సీల్ తెగలేదు. నిండా మందు ఉంది.

"పొద్దున చుక్కలు వేసుకుంది. సీసా మాత్రం తెరవనే లేదు. అంటే సీసా మారింది. పోలీసులకంటే ముందు మేడెక్కింది ఎవరు?"

తహ్సీన్ చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. రహీం ఆ చెయ్యి పట్టుకుని జేబు తడిమాడు. అదే లేబుల్‌తో ఇంకో సీసా. దానికి సీల్ లేదు.

"ఇందులో పాపను పెద్దది చేసే మందు పోశావు కదూ?" అన్నాడు సమీయుల్లా, కోపంగా. "శుభ్రం చెయ్యని కత్తితో ముగ్గుర్ని గుడ్డివాళ్లను చేశావు. నీ లైసెన్స్ తీయిస్తానని ఆవిడ నా ఎదుటే అంది. నీకు కత్తి పట్టడం నేర్పిన మనిషిరా!"

తహ్సీన్ తల దించుకున్నాడు. "ఒక్కసారి క్షమించమని అడిగాను. వినలేదు."

కానిస్టేబుళ్లు అతన్ని లాక్కెళ్లారు.

"నువ్వు వెళ్లచ్చు," అన్నాడు రహీం, మల్లీశ్వరి వైపు చూడకుండా.

ఆమె కదల్లేదు. "పోవచ్చు అంటే సరిపోతాదా సార్? చంపినానని ఇంతమంది ముందర అంటివే. చంపలేదని ఇంతమంది ముందరే చెప్పు."

సమీయుల్లా ఒక్క మాటా మెత్తబరచకుండా తర్జుమా చేశాడు.

రహీం టోపీ తీశాడు. గేటు దాకా నడిచి, ముందు అరబ్బీలో, తర్వాత హిందీలో, అందరికీ వినబడేలా చెప్పాడు.