మైనస్ పది

"నిఖిల్, నీకు సిగ్గుందా?"

ప్రసూన కేకకి గదిలో ఉన్న ఐదుగురూ ఫోన్లలోంచి తలలెత్తారు. ఆ విషయంలో వాళ్లకీ చాన్నాళ్లుగా అనుమానమే.

సిద్దిపేటలో స్నేహితుడు దినేశ్ వాళ్ల జిరాక్స్ షాపు పైగదిలో ప్రతి ఆదివారం పాచికల ఆటలో రాక్షసులతో యుద్ధం జరుగుతుంది. పాచికలు కొనే ఓపిక ఎవరికీ లేదు. ఫోన్లో వాళ్ల చాట్ గ్రూపులో 1d20 అని కొడితే చాలు, ఇరవై ముఖాల పాచిక ఒకటి ఫోనే వేసి అంకె చెబుతుంది. వెనక +3 పెడితే మూడు కలుపుతుంది, -3 పెడితే తీసేస్తుంది. పెద్ద అంకె వస్తే రాక్షసుడికి దెబ్బ, చిన్నది వస్తే మనకి. ఆటలో నిఖిల్ మహావీరుడు, ప్రసూన వైద్యురాలు.

"1d20-10! గ్రూపుల పాతయన్ని ఇప్పుడే చూసిన. మూడు నెలల సంది ప్రతిసారి పది తీసేసి కొడుతున్నవ్. కావాల్నని ఓడిపోతున్నవ్!"

"అది... ఆటో కరెక్టు..."

"ఆటో కరెక్టు మైనస్ పది పెడ్తదా? నీకు దెబ్బ తాకుడు, నేను ఉరికొచ్చి మందు పెట్టుడు! ఇన్ని రోజులల్ల ఒక్క రాక్షసున్ని గూడ కొట్టలే నేను. నన్ను ఆట పట్టిస్తున్నవా? వచ్చే వారం నుంచి రాను పో!"

ఆమె స్కూటీ తాళం తీసుకుంది. ప్రసూన రాని ఆదివారం నిఖిల్‌కెందుకు? గబగబా ఫోన్‌లో ఏదో కొట్టాడు.

దినేశ్ గ్రూపు చూసి పైకి చదివాడు. "'ప్రసూనకు నిజం చెప్పాల్నా? పదిహేను దాటితే చెప్త. 1d20.' వచ్చింది... నాలుగు."

అందరూ "అయ్యో" అన్నారు.

"ఫెయిలైన. ఇగ చెప్పరాదు," అన్నాడు నిఖిల్ దిగులుగా.

ప్రసూన అతని ఫోన్ లాక్కుని కూలర్ మీద పెట్టింది. "నా ముచ్చట ఫోన్‌నెందుకు అడుగుతున్నవ్? నాకు చెప్పు."

నిఖిల్ కళ్లు మూసుకున్నాడు. "నువ్వు మందు పెడ్తుంటే మంచిగనిపిస్తది. గందుకే దెబ్బలు తిన్న. నువ్వంటే నాకు ఇష్టం, ప్రసూనా."

ఆమె కోపంగానే ఉండాలని చూసింది. కుదరలేదు, నవ్వొచ్చేసింది.

"పిచ్చోడా! దెబ్బ తాకకున్నా వస్తుంటి గదా నీ దగ్గరికి!"

నిఖిల్ చెవులు ఎర్రబడ్డాయి. గదిలో ఈలలు మొదలయ్యాయి. ప్రసూన అతని చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాక్కుపోయింది.

"ఓయ్, రాక్షసుడు ఇంకా బతికే ఉన్నడు!" అని అరిచాడు దినేశ్.

"ఉండనియ్యి. మేం చాయ్ తాగొస్తం."