మూడో అంతస్తులో కిర్రు బూటు

రాత్రి పదకొండు దాటింది. వాన పడుతోంది. పెద్ద వానేం కాదు — పెరగదు, ఆగదు, అంతే.

ఆ హోటల్లో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. తలుపుకి ఎప్పుడూ 'రిపేరులో ఉంది' అన్న బోర్డు వేలాడుతూ ఉండేది. ఏ మేస్త్రీ వచ్చి రిపేరు చేసిన పాపాన పోలేదు. హోటలంతా నిండిపోయి జనం సోఫాల మీద పడుకున్న రోజున కూడా ఆ గది తెరవలేదు. రాత్రిళ్ళు లోపల ఎవరో మూలుగుతారు... ఏడుస్తారు... తెల్లారి చూస్తే బయట తాళం.

లోపల ఒకావిడ ఉందట. జుట్టు విరబోసుకుని రాత్రంతా దుప్పట్లు మడతపెడుతుందట. ఎంత మడతపెట్టినా మూలలు కలవవట. అందుకే ఆ ఏడుపట. అలా చెప్పుకునేవారు.

చెప్పుకునేవారంటే — చెప్పింది దుప్పట్ల అక్కే.

దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉండే గదికి ఆమె పెద్ద. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకురాదు. కొత్తగా చేరిన అమ్మాయిలు మధ్యాహ్నాలు ఆ చివరికి చేరి కునుకు తీస్తుంటే, మాన్పించడానికని ఓ రోజు టీ తాగుతూ అల్లేసింది. మూలుగులు అందరూ విన్నవే. జుట్టు మాత్రం ఆమె సొంతంగా పెట్టింది.

మేనేజరు గారు ఓసారి గుమ్మంలో నిలబడి ఆ కథ మొత్తం విన్నారు. చీవాట్లు తప్పవని అందరూ టీ గ్లాసులు దాచుకున్నారు. ఆయన మాత్రం నవ్వి, "కాళ్ళ సంగతి మర్చిపోయావేమమ్మా? వెనక్కి తిరిగి ఉండొద్దూ?" అనేసి వెళ్ళిపోయారు.

దాంతో కాళ్ళు కూడా తిరిగాయి.

ఆ మేనేజరు గారు పోయి ఇంకా నెల కాలేదు.

ఆయన వస్తుంటే ముందు ఆయన ఎడమ బూటు వచ్చేది. కిర్రు... కిర్రు... ఆ చప్పుడుకి కునికేవాడు లేచేవాడు, కసిరేవాడు నోరు మూసుకునేవాడు. డ్యూటీ ఎక్కేముందు రిసెప్షన్ బల్ల దగ్గర ఆయన కళ్ళు మూసుకుని నిలబడేవారు. ఎంత పెద్ద అతిథి వచ్చి గంట కొట్టినా, లోపలి మాట పూర్తయ్యాకే కళ్ళు తెరిచేవారు. "క్షమించాలండీ. ముందు పైఆయనకి హాజరు చెప్పుకోవాలి," అనేవారు.

ఒకప్పుడు తాగి తాగి ఇల్లూ ఉద్యోగమూ పోగొట్టుకున్న మనిషే ఆయన. దాచేవారు కాదు. ఆదివారం సాయంత్రాలు పాత భోజనాల హాల్లో కుర్చీలు గుండ్రంగా వేయించి, మానాలనుకునేవాళ్ళని కూర్చోబెట్టుకునేవారు. ఉపన్యాసాలుండవు. "రేపటి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఈ రాత్రి ఒక్కటీ మనం చూసుకుందాం." అంతే.

ఆ కుర్చీల్లో ఒకటి దుప్పట్ల అక్క కొడుకుది. టైర్ల షాపులో పని వాడికి. తాగి ఇంటిమీద పడ్డ రోజుల్లో మేనేజరు గారే వచ్చి వాణ్ణి తీసుకుపోయారు. "నా దగ్గరుంటాడమ్మా. ఎక్కడని అడక్కు," అన్నారు. ఆమె అడగలేదు. వారం తిరక్కుండా వాడు మనిషై ఇంటికొచ్చాడు.

ఇప్పుడు ఆయన లేరు. వాడు నిలబడతాడా?

ఆమెకి అదొక్కటే దిగులు. రోజూ కంచం పెట్టే వంకతో వంగి వాడి దగ్గర వాసన చూస్తోంది. వాడికీ తెలుసు. కాస్త ముందుకి వంగుతాడు, పాపం.

ఆ రాత్రి కూతురు ఫోను చేసింది.

"అమ్మా, అన్నయ్య ఇంకా రాలేదు."

"ఫోను?"

"ఆపేశాడు."

"నాన్న?"

"గురక."

ఫోను పెట్టేసి తువ్వాళ్ళు లెక్కపెట్టింది. తప్పింది. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ తప్పింది.

అప్పుడే రిసెప్షన్ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, రెండో అంతస్తు చివరి గదాయన ఊరుకోవడం లేదు. పైన ఎవరో నడుస్తున్నారట. నిద్ర లేదట."

"పైన ఎవరికిచ్చావు?"

"ఎవరికిస్తానక్కా... పైన ఆ గదే కదా."

ఇద్దరూ ఒకేసారి పైకప్పు వైపు చూశారు.

"బూట్ల చప్పుడట," అమ్మాయి గొంతు తగ్గించింది. "ఒక్క బూటే మోగుతోందట..."

"వాచ్‌మన్‌ని పంపు."

"అడిగాను. గేటు వదిలితే ఉద్యోగం పోతుందట. ఇన్నేళ్ళకి ఇవాళే గుర్తొచ్చింది మహానుభావుడికి. నువ్వే వెళ్ళక్కా. ఆవిడ నీకు బాగా తెలిసిన మనిషే కదా!"

అల్లినవాళ్ళే తొడుక్కోవాలి.

నేల తుడిచే కర్ర ఒకటి భుజాన వేసుకుంది. చంకలో రెండు దిండ్లు పెట్టుకుంది. ఎవరైనా అడిగితే దిండ్లు ఇవ్వడానికి వచ్చానని చెప్పొచ్చు. దెయ్యం అడిగినా అదే చెప్పాలనుకుంది.

లిఫ్టు ఎక్కలేదు. మధ్యలో ఆగితే దిక్కెవరు? మెట్లెక్కింది. రెండో అంతస్తు దాటేసరికి మోకాళ్ళు, మూడోది చేరేసరికి గుండె మొరాయించాయి.

నడవా పొడుగునా గుడ్డి వెలుగు. కిటికీ అద్దం మీద వాన.

నాలుగు అడుగులు వేసిందో లేదో — మెడ మీద చల్లగా ఏదో పాకింది.

జుట్టు.

తడి జుట్టు...

తను పెట్టిన జుట్టే. తను విరబోసిన జుట్టే. అయినా కేక గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఎంతసేపటికో ధైర్యం చేసి చెయ్యి వేసి చూసుకుంటే — భుజం మీది కర్రకున్న తడి కుచ్చు.

"సిగ్గులేకపోతే సరి," అని తనని తానే తిట్టుకుంది. కర్ర తీసి అవతల పడేద్దామనుకుంది. చేతిలో ఏదో ఒకటి ఉండటం మంచిదని మానుకుంది.

అంతలో...

కిర్రు.

ఆమె నిలబడిపోయింది.

కిర్రు... కిర్రు...

ఆ గదిలోంచే. తలుపు కింద సన్నటి వెలుగు గీత. ఆ గీతని ఒక నీడ దాటింది. మళ్ళీ వెనక్కి దాటింది. అదే నడక. అదే ఎడమ బూటు. తర్వాత, గుసగుసగా —

"ఈ రాత్రి ఒక్కటీ... మనం చూసుకుందాం..."

ఆమె మనసులో దేవుణ్ణి పిలవబోయింది. ఆయనకి బదులు మేనేజరు గారు పలుకుతారేమోనని సగంలో ఆపేసింది. వెనక్కి తిరిగింది. మెట్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి. పారిపోయేదే. ఎవరు తప్పుపడతారు?

లోపల ఎవరో దగ్గారు.

ఆ దగ్గు ఆమెకి తెలుసు. ఆ దగ్గుకి రాత్రిళ్ళు వీపు నిమిరింది ఆమే.

దెయ్యం సంగతి అక్కడితో సరి. అన్ని గదులకీ పట్టే తాళంచెవి నడుముకే ఉంది. తిప్పింది. తలుపు తోసింది.

"అమ్మో! ఆవిడే! దుప్పట్ల ఆవిడే!"

కేక వేసింది ఆమె కాదు. లోపల మంచం పక్కన ఒక మహాకాయం మంచం కిందకి దూరాలని చూస్తోంది. తల పట్టింది, పొట్ట పట్టలేదు. హోటల్ వంటాయన! జ్వరమని పొద్దున్నే సెలవు పెట్టిన వంటాయన. గుమ్మంలో చీకటి, భుజం మీద వేలాడే కుచ్చు, చంకలో తెల్లటి దిండ్లు — ఆయన తప్పేం లేదు.

గదినిండా మందు వాసన.

గది మధ్యలో కొడుకు. కాళ్ళకి మేనేజరు గారి బూట్లు.

ఆమెకి వంటాయన కనబడలేదు, బూట్లూ కనబడలేదు. వాసన ఒక్కటే. దిండ్లు జారిపోయాయి. నేరుగా వెళ్ళి వాడి గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు."

"అమ్మా, నేను కాదే..."

"తెరు."

మీసాలున్న కొడుకు, వంటాయన చూస్తుండగా, పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు తెరిచాడు.

కాఫీ. వట్టి కాఫీ వాసన.

ఆమె గడ్డం వదల్లేదు. ఇంకోసారి చూసింది. అప్పుడు మంచం మీద కూలబడింది.

"ఫోను ఎందుకు ఆపావురా?"

"పడినవాడి పక్కన కూర్చున్నప్పుడు ఫోను ఆపెయ్యాలమ్మా. ఆయన పద్ధతి." వాడు వంటాయన్ని మంచం కిందనుంచి లాగుతూ అన్నాడు. "ఈయనా మానేసినవాడే, ఇవాళ తడబడ్డాడు. ఇంటికెళ్ళడానికి మొహం చెల్లక నన్ను పిలిచాడు. పడుకుంటే వాంతులు. అందుకే నడిపిస్తున్నా."

"ఈ గదిలోనా?"

"నన్ను ఉంచింది ఎక్కడనుకున్నావు?"

ఆమె చుట్టూ చూసింది. మంచం, కుర్చీ, నీళ్ళ కూజా, బకెట్టు. రిపేరు చేయాల్సింది ఏదీ లేదు.

"దేవుడు బుకింగ్ చేసుకుని రాడురా, చెప్పకుండా వచ్చేస్తాడు, ఆయనకో గది ఖాళీ ఉంచాలి — అనేవారమ్మా. అర్ధరాత్రి ఈ తలుపు తట్టినవాణ్ణల్లా ఆయనే అనుకుని పడుకోబెట్టాలట. పోయేముందు తాళంచెవి నాకిచ్చారు. ఈ బూట్లు వాళ్ళావిడ ఇచ్చారు. చప్పుడు వింటుంటే మావాళ్ళు మంచం దిగి పారిపోరని."

"యజమానికి తెలిస్తే?"

"ఆయనా ఈ మంచం మీద పడుకున్నవాడేనట."

వంటాయన గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. నలుగురి ముందు ఆమెని ఎప్పుడూ 'దుప్పట్ల దొరసాని' అని ఎగతాళి చేసే మనిషి.

"అక్కా... కింద చెప్పకు."

"జ్వరం తగ్గాక రండి," అంది ఆమె.

దుప్పటి తడిసి ఉంది. లేచి తీసేసింది. పక్కనున్న మడతల్లోంచి కొత్తది తీసి పరిచి, నాలుగు మూలలూ బిగించింది. మూలలు చక్కగా కలిశాయి. ఇన్నేళ్ళూ ఈ గది దుప్పట్లు ఎవరు మార్చారో అప్పుడు తట్టింది. ఆయనే. ఆమె లెక్కలో ఎప్పుడూ ఒక దుప్పటి తక్కువ వచ్చేది. ఆ దొంగతనం కూడా దెయ్యం మీదే వేసింది తను. కాళ్ళు వెనక్కి తిప్పమని ఆయన ఎందుకన్నారో కూడా అప్పుడే తట్టింది. ఎంత భయమేస్తే ఆ తలుపుకి అంత కాపలా.

ఇంతకాలం ఆయన గదికి కాపలాదారు తనే. జీతం లేని కాపలాదారు. తెలివిలేని కాపలాదారు కూడా.

కిందకి దిగింది. మెట్ల దగ్గరే రిసెప్షన్ అమ్మాయి, వాచ్‌మన్ ఒకరి వెనక ఒకరు దాక్కుని ఉన్నారు.

"ఏముందక్కా?"

"ఉంది."

"జుట్టు?"

"తడిగా."

"కాళ్ళు?"

"వెనక్కే."

వాచ్‌మన్ గేటు దగ్గరికి చాలా బాధ్యతగా వెళ్ళిపోయాడు. రెండో అంతస్తు ఆయన్ని వేరే గదికి మార్చారు.

తెల్లారేసరికి వాన వెలిసింది. ఆమె ఇంటికొచ్చి గుమ్మం పక్కనే చాప వేసుకుంది. నడుము వాల్చింది గానీ కళ్ళు మూయలేదు. కాసేపటికి వీధి మెట్ల మీద కిర్రు... కిర్రు... కొడుకు వచ్చాడు. బూట్లు విప్పి గుమ్మం లోపల, చెప్పుల వరసలో పెట్టాడు. ఆమె దగ్గరికొచ్చి, వంగి, నోరు తెరిచాడు.

"వెళ్ళి పడుకోరా, వెధవా," అంది.

ఫోను మోగింది. వంటాయన భార్య. "మా ఆయన వచ్చాడు వదినా. మీవాడే దింపి వెళ్ళాడు," అంది.

ఆమె లెక్కపెట్టుకుంది. కూతురు — లోపల. వాళ్ళ నాన్న — గురక. కొడుకు — వచ్చాడు. వంటాయన — చేరాడు. ఈసారి లెక్క తప్పలేదు. కళ్ళు మూసింది.

కిర్రు...

కళ్ళు తెరిచింది. బూట్లు రెండూ వరసలోనే ఉన్నాయి. కొడుకు లోపల వట్టి కాళ్ళతో నిద్రపోతున్నాడు.

కిర్రు... కిర్రు... బయట, వీధి మెట్లు దిగుతూ.

ఆమె లేవలేదు. కేక వెయ్యలేదు. ఇంకొకర్ని లెక్కలో కలుపుకుంది. వీళ్ళని ఇంటికి చేర్చి, మేనేజరు గారు డ్యూటీకి వెళ్తున్నారు కాబోలు.