భోజనం అడిగిన ఛాయ

ఇందుమతి కాలేజీకి తయారై వచ్చేసరికి, తల్లి వంటింట్లో పోపు వేయిస్తూ అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడితో గొడవపడుతోంది. అధ్యక్షుడు ఆ సమయానికి పై అంతస్తులో నిద్రపోతున్నాడు. గొడవ ఆయన ఛాయతో.

"నీళ్ళ సంగతి ఇవాళ తేలాలండీ," అంది తల్లి, గరిటె ఆయన ముక్కు దాకా తీసుకెళ్ళి.

"చూద్దాం లెండమ్మా," అంది ఫ్రిజ్ పక్కన గాలిలో నిలబడ్డ ఛాయ. అసలాయన కూడా సరిగ్గా అదే అంటాడు కాబట్టి, సరుకు నాణ్యమైనదే అనుకోవాలి.

విశాఖలో ఇప్పుడు, యంత్రం అల్లే ఇలాంటి ఛాయతో సాధన చేయకుండా ఎవరూ ఎవరితోనూ ముఖ్యమైన మాట మాట్లాడరు. సెలవు అడగబోయే గుమాస్తా ముందు రోజే మేనేజరు ఛాయను అడిగి చూసుకుంటాడు. పెళ్ళిచూపులు నాలుగుసార్లు ఛాయతో అయ్యాకే మనుషులతో అవుతాయి. అత్తగారి ఛాయలూ అద్దెకు దొరుకుతాయి గానీ, అసలావిడ ఇంట్లో ఉండగా అద్దె దండగని ఎక్కువమంది తీసుకోరు.

ఇందుమతి చదివే లా కాలేజీలో ఛాయలది మరీ పెద్ద ఉద్యోగం. బీదవాళ్ళకు ఉచితంగా సలహా ఇచ్చే న్యాయసేవా కేంద్రం ఒకటి ఆ కాలేజీకి ఉంది. అందులో కూర్చోవాలంటే విద్యార్థి ముందు ఛాయాకక్షుల దగ్గర నెగ్గాలి. కేంద్రానికి ఏళ్ళ తరబడి వచ్చిన నిజమైన కక్షిదారుల మాటలూ, నసుగుళ్ళూ, చూపులూ కలిపి యంత్రం అల్లిన మనుషులే ఛాయాకక్షులు. ప్రతి ఛాయాకక్షీ ఒక విషయం దాస్తుంది. దాన్ని బయటికి రప్పించడమే పరీక్ష.

గద్దిస్తే రాదు. మౌనంగా ఉంటే వస్తుంది. చింతపండు నానబెట్టినట్టు మనిషిని కాసేపు మౌనంలో ఉంచాలి. ఎంతసేపన్నది మణికట్టుకు కట్టుకునే మౌనమాపకం చెబుతుంది. అది సన్నగా అదురుతున్నంతసేపూ నోరు మెదపకూడదు, దయగా చూస్తూ ఉండాలి.

ఆ రోజు ఇందుమతికి చివరి పరీక్ష. ఎదురుగా కుర్చీలో పంచె కట్టుకున్న ముసలి ఛాయాకక్షి. పొలం తగాదా. చెప్పాల్సిందంతా చెప్పి ఊరుకున్నాడు. మణికట్టు అదిరింది. ఇందుమతి దయగా చూసింది.

"అన్నం తిన్నావేటమ్మా?" అన్నాడు ముసలాయన.

ప్రతి మాటనూ విని నమోదు చేసే గోడ మీది సాక్షిపేటికలో 'దాటవేత' అన్న అక్షరాలు వెలిగాయి. కక్షిదారు భోజనం సంగతి ఎత్తాడంటే అసలు విషయం తప్పిస్తున్నాడని పాఠంలోనే ఉంది. జవాబివ్వకూడదు. ఇందుమతి ఇవ్వలేదు. ముసలాయన పైపంచె కొసను వేలికి చుట్టాడు, విప్పాడు.

"సిన్నోడికి ముందే రాసిచ్చేసానమ్మా," అన్నాడు చివరికి.

పచ్చదీపం వెలిగింది. కేంద్రం నడిపే దమయంతి మేడమ్ తలుపు తోసుకుని వచ్చింది. "చేతిలో పనితనం ఉంది నీకు. రేపటి నుంచి కేంద్రంలో కూర్చో. ఒకటి గుర్తుపెట్టుకో. ఏటేటా జనం ఎక్కువ దాస్తున్నారు. నేను చదువుకునే రోజుల్లో పదిమందిలో ముగ్గురు దాచేవాళ్ళు. ఇప్పుడు దాచనివాడే కనబడడు."

"ఎందుకు మేడమ్?"

"కాలం," అంది దమయంతి. చదువుకున్నవాళ్ళు కారణం తెలియనప్పుడు చెప్పే కారణం అది.

మర్నాడు వచ్చిన మొదటి కక్షిదారు గవరమ్మ. భీమిలి దగ్గర ఎండుచేపలు అమ్ముతుంది. వెంట కనక అనే తొమ్మిదేళ్ళ పిల్ల. గవరమ్మ పొరుగింటావిడ కూతురు. తల్లి పోయాక రెండేళ్ళుగా గవరమ్మ దగ్గరే ఉంటోంది. రక్తసంబంధం లేదు కాబట్టి, పిల్ల ఆవిడ దగ్గరే ఉండాలా, నగరంలోని వసతిగృహానికి పోవాలా అన్నది బాలల మండలి ఆ శుక్రవారం తేల్చబోతోంది.

కనక బయట బల్ల మీద కూర్చుంది. గవరమ్మ లోపల చెప్పాల్సింది గబగబా చెప్పేసింది. పిల్ల బడికి వెళ్తోంది. జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. రాత్రిపూట ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుంటారు, పిల్ల దాన్ని లాగేసుకుంటుంది.

"అంతేనమ్మా. మరేటీ నేదు."

మణికట్టు అదిరింది. ఇందుమతి దయగా చూసింది.

గవరమ్మ గోడ వైపు చూసింది. ఫ్యాను వైపు చూసింది. "అన్నం తిన్నావా పాపా? మొకం వాడిపోయింది."

దాటవేత. ఇందుమతి కాస్త ముందుకు వంగింది. ఉంది, ఏదో ఉంది. ఇంకా దయగా చూసింది. గవరమ్మ చెంగు సర్దుకుంది, చెప్పులోంచి కాలు తీసి మళ్ళీ దూర్చింది.

"ఒకపాలి..." అంది నెమ్మదిగా. "గుంటదాన్ని ఇంట్లో ఎట్టి తాళవేసి, రేవుకెళ్ళిపోనాను. సీకటడ్డాక ఒచ్చాను."

పచ్చదీపం వెలిగింది. సాక్షిపేటిక ఆ మాటను అప్పటికప్పుడే మండలికి పంపేసింది. ఇందుమతికి పరీక్ష నెగ్గినంత ఆనందం కలిగింది. ఒక నిమిషం పాటు. ఆ తర్వాత, పిల్లను ఒంటరిగా బంధించినవాళ్ళకు పెంపకం ఇవ్వరాదన్న నిబంధన గుర్తొచ్చింది.

గవరమ్మ మంచినీళ్ళకు వెళ్ళగానే ఇందుమతి బయటికొచ్చి కనక పక్కన కూర్చుంది. ఆ రోజు పిల్ల భయపడిందో లేదో తెలిస్తే, ఏదో ఒక సర్దుబాటు రాసుకోవచ్చని ఆశ.

"గవరమ్మ నిన్ను లోపల పెట్టి తాళం వేసిన రోజు ఏం చేశావు కనకా?"

కనక ఆమెను పైనుంచి కిందికి చూసింది. "తాళమా? మా తలుపుకి గొళ్ళెమే నేదు. మేక రాకుండా తాడు కడతాం. మేక ఇప్పీసుకుని ఒచ్చెస్తాది. నాకు రాదా ఇప్పడం?"

నీళ్ళు తాగి వచ్చిన గవరమ్మను ఇందుమతి మూలకు తీసుకెళ్ళింది. "లేనిది ఎందుకు చెప్పావు పిన్నీ?"

గవరమ్మ సిగ్గుపడింది. "మరేటి సెయ్యమంటావు? నువ్వు అంత ఆశగా సూస్తన్నావు. అడిగినోళ్ళని ఉత్తి సేతుల్తో పంపడం నాకు సేతకాదు. కిందటేడు మా ఈదిలో ఎవురో అలగ సేసారంటే ఇన్నాను. సిన్నదే కదా అని అదిచ్చాను."

ఇచ్చాను అంది. చెప్పాను అనలేదు. ఇందుమతి ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. వాయనంలో అరటిపండు పెట్టినట్టు ఆవిడ తనకొక నేరం పెట్టి పంపింది.

దమయంతి మేడమ్ విని కళ్ళజోడు తీసింది. "ఇప్పుడు కాదంటే పేటిక దాన్ని 'భయంతో మార్చిన మాట' అంటుంది. మొదటిమాటకు ఇంకా బలం వస్తుంది. పిల్ల చెప్పినా లెక్కలోకి రాదు, పెంచినావిడ చెప్పించిందంటారు."

"పేటిక చెరపదా?"

"నా సర్వీసులో చెరపలేదు."

శుక్రవారం మండలిలో పెద్ద కుర్చీలో భాస్కరం గారు కూర్చున్నారు. జడ్జిగా చేసి రిటైరైన మనిషి. చొక్కా ఇస్త్రీ మడత కూడా ఆయన ఎదుట నిటారుగా నిలబడేది. వెనక బల్ల మీద గవరమ్మ, కనక. గవరమ్మ పిల్ల చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉంది.

ఇందుమతి జరిగిందంతా చెప్పింది.

"మర్యాద కోసం నేరం ఒప్పుకుందంటావు," అన్నారాయన. "లేనిది ఉందని బుద్ధి ఉన్నవాడెవడైనా చెబుతాడా అమ్మాయీ?"

"మీరైతే చెప్పరా అండీ?"

"నేనెందుకు చెబుతాను?"

ఇందుమతి జవాబివ్వలేదు. మణికట్టు అదురుతోంది. ఆమె దయగా చూసింది.

భాస్కరం గారు కలం మూత తీశారు, పెట్టారు. ఆయన గొంతు సవరించుకున్నారు. "కాఫీ తాగావా నువ్వు?" అన్నారు. ఆమె చూస్తూనే ఉంది.

"అంటే... స్కూల్లో ఒకసారి లెక్కల పరీక్షలో పక్కవాడి కాగితం చూశాను."

మండలి గోడ మీద కూడా సాక్షిపేటిక ఉంది. పచ్చదీపం వెలిగింది. 'దాచిన విషయం వెలువడింది' అని అక్షరాలు మెరిశాయి.

భాస్కరం గారు వాటిని చదివి తెల్లబోయారు. "ఛ, లేదు. నేను చూడలేదు. వాడే నాది చూశాడు."

"మరి ఎందుకన్నారండీ?"

"నువ్వలా కూర్చుంటే ఏదో ఒకటి అనాలనిపించింది." ఆయన గోడకేసి వేలు చూపించారు. "అది తీసేయండి."

"తియ్యదండీ," అంది వెనకనుంచి దమయంతి మేడమ్. "పైగా ఇప్పుడు మీరు భయంతో మాట మార్చారని రాస్తోంది."

నిజంగానే రాస్తోంది. భాస్కరం గారు పేటికను చూశారు. గవరమ్మను చూశారు. కాపీ కొట్టినవాడిగా చరిత్రలో మిగలడం ఆయనకు ఇష్టం లేదు. మౌనమాపకం ఎదుట చెప్పిన ఏ మాటనూ మండలి సాక్ష్యంగా తీసుకోదని ఆ గదిలోనే ఉత్తర్వు రాయించారు. ఆ ఒక్క ఉత్తర్వుతో ఇద్దరి నేరాలూ పోయాయి. కనక గవరమ్మ దగ్గరే ఉంటుంది.

మెట్ల దగ్గర గవరమ్మ సంచిలోంచి కాగితం పొట్లం తీసి ఇందుమతి చేతిలో పెట్టింది. వాసనను బట్టి ఎండు నెత్తళ్ళ చేపలు. "ఇవి నిజంగా ఉన్నవే," అంది. కనక మాత్రం ఇందుమతిని ఇంకా పూర్తిగా క్షమించినట్టు లేదు. "ఈసారి అడగాలంటే నన్నడుగు," అని చెప్పి వెళ్ళింది.

సాయంత్రం ఇందుమతి పొట్లంతో సాధన గదికి వెళ్ళింది. దమయంతి మేడమ్ చెప్పిన మాట ఆమెను వదలడం లేదు. ఏటేటా జనం ఎక్కువ దాస్తున్నారు. దాచింది ఎవరు, ఇచ్చింది ఎవరు? మర్యాదకిచ్చిన నేరాలతో ఛాయలు తయారయ్యాయి. ఆ ఛాయల దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇంకా దయగా చూశారు. జనం ఇంకా ఇచ్చారు.

ముసలి ఛాయాకక్షిని పిలిచింది. పంచె సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇందుమతి మౌనమాపకం విప్పి బల్ల మీద పెట్టింది.

"తాతా, నిజంగా చిన్నవాడికి పొలం రాసిచ్చావా?"

అది ఆయనకు నేర్పని ప్రశ్న. ఆ మాట ఎన్నేళ్ళ క్రితం ఏ మనిషి నోటి నుంచి వచ్చిందో, దాని వల్ల ఎవరి పొలం ఎవరికి పోయిందో ఛాయకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎక్కడున్నారో వెతకాలి. రేపటి నుంచి ఆమె పని అదే.

ఛాయ కాసేపు పైపంచె కొస వేలికి చుట్టుకుంది. తర్వాత తనకు తెలిసిందే అడిగింది.

"అన్నం తిన్నావేటమ్మా?"

'దాటవేత' వెలిగింది.

"లేదు తాతా," అంది ఇందుమతి. "పొద్దున్నుంచీ తినలేదు."

యంత్రం పుట్టాక ఆ ప్రశ్నకు జవాబు రావడం అదే మొదటిసారి. ముసలాయన ముఖంలో ఏదో సర్దుకుంది. వేలి చుట్టూ ఉన్న పంచె కొస వదిలేశాడు.

"మరింకేటి కూకున్నావు? బేగెళ్ళి తిను," అన్నాడు. ఆ తర్వాత ఆమె ఎంతసేపు కూర్చున్నా ఏ రహస్యమూ ఇవ్వలేదు.