ఆరగించిన రాకుమారి

"భోజనం అయిందా, రాకుమారీ?"

"ఆఁ, ఇప్పుడే ఆరగించాను," అంది సియాలె దర్జాగా.

తవాకె నవ్వు ఆపుకోలేకపోయాడు. నుకుమోలీ దీవిలో కవా సభలో, అంటే వేరు దంచి చేసిన పానీయం పంచుకునే సభలో, ఎవరి గిన్నె వస్తే వాళ్ల పేరు పిలిచేది అతనే. మాటలే అతని బతుకు.

"ఏంటా నవ్వు?"

"రాజులు తమ గురించి 'ఆరగించాను' అనరు. 'తిన్నాను' అంటారు. ఆరగించడం, వేంచేయడం... ఇవన్నీ వాళ్ల గురించి మనం అనే మాటలు. ఇంతకీ ఎవరమ్మాయివి నువ్వు?"

సియాలె దొరికిపోయింది. చెట్ల బెరడును చితక్కొట్టి బట్టలు చేసే పిల్ల ఆమె. అవ్వ రంగులు వేసి, మంత్రం వేసిన బట్ట భుజాన ఉన్నంతసేపూ ఆమె ముఖం అచ్చం రాకుమారి హేలాతాదే. నాలుకకు కూడా మంత్రం వేయాలన్న సంగతి అవ్వకు తోచలేదు.

అసలు రాకుమారి పొరుగు దీవుల మద్దతు కోసం వెళ్లి ఎదురుగాలిలో చిక్కుకుంది. ఈ మధ్యాహ్నం సభలో ఆమె కూర్చునే చాప ఖాళీగా ఉంటే గద్దె బాబాయి వాయిపులుది. ఆయన రాజైతే బెరడుతోటలన్నీ లాక్కుంటానని ఇప్పటికే చెప్పి తిరుగుతున్నాడు.

"వెళ్లి చెప్పేస్తావా?"

"చెప్పాలి. అబద్ధపు పేరు పిలిస్తే మళ్లీ జన్మలో సభలో నోరు విప్పలేను. ఏడు తరాల కొలువు మాది."

"అయితే వెళ్లి చెప్పుకో. నీ కాళ్లేం పట్టుకోను."

"అబ్బో, పొగరు మాత్రం రాకుమారిదే!"

"కాదు, ఇది నా సొంతం."

అతను మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండాలి. మండలేదు. అదే ఆమెకు చిరాకు.

సభ గుండ్రంగా కూర్చుంది. చివరి గిన్నె అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. లేచినవాళ్లకు చాప మీద హక్కు పోతుంది. అందుకే చినుకులు మొదలైనా ఎవరూ కదల్లేదు.

"ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు వాయిపులు, కళ్లు చిట్లించి.

"పడుకున్నాను బాబాయ్. మీ గురకే నిద్ర పట్టనివ్వలేదు."

సభంతా గొల్లుమంది. వాయిపులు ముఖం కందగడ్డలా అయింది. ఆయనకు కోపమొస్తే కుదురుగా కూర్చోలేడని దీవిలో పసిపిల్లలకూ తెలుసు.

మొదటి గిన్నె నిండింది. తవాకె తలెత్తాడు.

"హే..."

తనకోసం ఏడు తరాల మాట పారేసుకోబోతున్నాడు! సియాలెకు ఒక ఆలోచన మెరిసింది.

"ఆ పేరు పిలవకు!" భుజాన ఉన్న బట్ట లాగి అవతల పారేసింది. "నేను రాకుమారిని కాను, వాయిపులుగారూ. బెరడు కొట్టి బట్టలు చేసేదాన్ని. ఇందాకటి నుంచీ మీరు దండాలు పెట్టింది నాకే!"

"ఓసి దొంగా!" వాయిపులు ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

అందరి కళ్లూ ఆయన కాళ్ల మీద పడ్డాయి.

"లేచారు," అన్నాడు ఒక ముసలి పెద్ద, నెమ్మదిగా.

వాయిపులు తన కాళ్ల వంక చూసుకున్నాడు. ఇంక కూర్చున్నా లాభం లేదు, చాపతో పాటే గద్దె మీద హక్కూ పోయింది. దూరంగా పగడపు దిబ్బల అవతల రాకుమారి పడవ తెరచాప కనిపించింది. చివరి గిన్నె వేళకు ఆమె వచ్చేస్తుంది.

తవాకె మాత్రం సియాలె అసలు ముఖాన్నే చూస్తున్నాడు. గుండ్రటి ముఖం, వానకు తడిసిన ముంగురులు, చెంప మీద చెరగని రంగు మరక.

"గిన్నె సిద్ధం. పేరు చెప్పు," అన్నాడు.

"నాకు ఇక్కడ చాప ఎక్కడిది?"

"నా పక్కన ఉంది. ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది."

"ఇది పేరు అడగడమా, పెళ్లికి అడగడమా?"

"రెండూ. తొందరగా చెప్పు, పెద్దలు దాహంతో ఉన్నారు."

ఆమె చెప్పింది. అతను గుండెల నిండా గాలి పీల్చుకుని దీవంతా వినేలా పిలిచాడు.

"సియాలె!"

గిన్నె అందుకోవడానికి ఒప్పుకుంటే చేతులు చరచడం ఆనవాయితీ. ఆమె రెండుసార్లు చరిచింది.